తెర మీది దండ

సుందరయ్య పోయినప్పటి నుంచీ ఆయన బొమ్మ పావని కంప్యూటర్ మీదే ఉంది. ఉండక ఏం చేస్తుంది? చుట్టాలు మూయనిస్తేనా!

ఉదయగిరి బస్టాండుకు ఎదురు వరసలో పావనిది ఒక్క గది షాపు. పెళ్ళిళ్ళకూ, పుట్టినరోజులకూ, చావులకూ ఫ్లెక్సీలు తయారు చేస్తుంది. తయారు చేయడమంటే ఫోటోలు అమర్చి, పేర్లు కొట్టడం వరకే. అచ్చు వేసే మిషను ఆత్మకూరులో అంకారావు దగ్గర ఉంది. ఈమె ఇక్కడి నుంచి పంపిస్తే అతను అక్కడ అచ్చు వేసి, చుట్ట చుట్టి బస్సు డ్రైవరు చేతికిస్తాడు. పావని బస్టాండులో నిలబడి అందుకుంటుంది. ఊరందరివీ అలా అందుకున్న పిల్లకు ఇప్పుడు కన్నతండ్రిది అందుకోవలసిన రోజు వచ్చింది.

సుందరయ్య చెరువులో చేపలు పట్టేవాడు. చెరువు ఎండిన రోజుల్లో కూలికి పోయేవాడు. చెరువు కట్ట మీదే గుండె పట్టుకుని కూలబడి మళ్ళీ లేవలేదు. పెద్దకర్మ నాడు బస్టాండు సెంటర్లో నాయన ఫ్లెక్సీ కట్టి తీరాలని పావని పట్టుబట్టింది. ఆ సెంటర్లో ఆయన్ని పక్కకు తప్పుకోమన్నవాళ్ళే గాని, కూర్చోమన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక్క రోజైనా ఊరు తలెత్తి ఆయన్ని చూడాలని ఆమె పంతం. పంచాయతీలో అడిగి ఆ రోజుకు సర్వి కట్టెల ఫ్రేము తమకే ఉంచమని చెప్పి పెట్టుకుంది.

బొమ్మ అమర్చడం ఎంత సేపు? కోలగా ఫోటో, దాని చుట్టూ బంతిపూల దండ, అటొక దీపం, ఇటొక దీపం, పైన 'అశ్రునివాళి'. కింద పేర్ల దగ్గర మొదలైంది తగువు. పావని తల్లి తమ్ముడు మాల్యాద్రి వచ్చి, "సొంత బావమరిదిని, నా పేరు ముందుండాలమ్మే" అన్నాడు. చిన్నాన్న వచ్చి ఆ పేరును కిందికి దింపించాడు. ఒకామె తన కొడుకు పేరు లేదని ఏడ్చి, అదంతా సుందరయ్య మీద ప్రేమేనన్నట్టు ముక్కు చీదింది. ఆయన బతికుండగా ఒక గ్లాసు టీ పోయించిన మొహం ఒక్కటి లేదు వాళ్ళలో. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, ఊరికే అన్నారా!

ఒకరు పోతే ఒకరు వచ్చి చూస్తామంటున్నారు. వచ్చినవాళ్ళకల్లా తెరిచి చూపించలేక, స్క్రీన్ ఆరిపోకుండా సెట్టింగు మార్చి రాత్రీ పగలూ అలాగే వదిలేసింది పావని. కరెంటు పోయినా ఇన్వర్టరు ఉంది. అసలే సెకండ్ హ్యాండులో కొన్న మానిటరు. కదలని బొమ్మను రోజుల తరబడి మోస్తే దాని నీడ తెరకు అంటుకుపోతుందని ఆమెకు తెలియక కాదు. తండ్రి పోయిన దిగులులో ఆ సంగతే గుర్తు రాలేదు.

చివరికి ఎలాగో పేర్ల తగువు తెగింది. ఫైలు అంకారావుకు పంపిన కాసేపటికే చెంచురామయ్య కారు వచ్చి షాపు ముందు ఆగింది.

చెంచురామయ్య అంటే ఆ చుట్టుపక్కల తెలియనివారు లేరు. పొలాలూ ఆయనవే, పంచాయతీలో మాటా ఆయనదే. చెరువు చేపల వేలం పాట కూడా ఏటా ఆయన మనిషే పాడతాడు. వెంట కొడుకు రాజమోహన్ ఉన్నాడు. ఇద్దరూ చెప్పులతోనే లోపలికి వచ్చారు. పెద్దాయన కూర్చున్నాడు, పావని లేచి నిలబడింది.

"ఎల్లుండి నా పుట్టినరోజు. సెంటర్లో పెద్దది కట్టాల" అన్నాడు చెంచురామయ్య.

"అయ్యా, ఎల్లుండి మా నాయన దినం. ఆ ఫ్రేము మాకని అడిగి పెట్టుకున్నాం. మీది పక్కన ఇంకా పెద్దగా కట్టిస్తాను."

"పక్కనా?" ఆయన ఆ మాటను ఎంగిలి ముట్టుకున్నట్టు పలికాడు. "పుట్టినరోజు ఏటికొకసారి వస్తాది మే. చచ్చినోడికి ఏ రోజైతే ఏంది? మీ పల్లెలో కట్టుకోండి. కాకుంటే చెరువు కట్ట మీద కట్టుకోండి, మీవోడికి అలవాటైన జాగానే గదా."

"ఒక్క పూటయ్యా. మధ్యాహ్నానికి ఇప్పేస్తాం. మా అమ్మ శానా ఆశ పెట్టుకోనుండాది."

"మా నాయన చెప్పేసినాడు గదా, ఇంకా ఏంది నస?" అన్నాడు రాజమోహన్. "ఫోటో పంపిస్తా ఉండా, తీసుకో."

పావనికి మింగలేక కక్కలేక అయింది. బతిమాలితే ఇంకా లోకువ, ఎదిరిస్తే షాపు ఉండదు. తండ్రి బొమ్మను మూసి, రాజమోహన్ పంపిన ఫోటో తెరిచింది. స్టూడియోలో బూడిదరంగు గుడ్డ ముందు నిలబెట్టి తీయించింది. ఇస్త్రీ చొక్కా, నమస్కారం పెట్టిన చేతులు, ఓట్లు అడిగేవాడి నవ్వు. స్క్రీన్ నిండుగా వచ్చాడు చెంచురామయ్య.

మెడలో దండతో వచ్చాడు. లేతగా, పాలలో నీళ్ళు కలిసినంత పలచగా ఉన్నా, పువ్వు పువ్వూ కనబడుతోంది. భుజాలకు అటొక దీపం, ఇటొక దీపం. తల మీద సగం చెరిగిన అక్షరాలతో 'అశ్రునివాళి'.

ముందు చూసింది రాజమోహన్. "ఏందే ఇది?" అని అరిచి పక్కనున్న ప్లాస్టిక్ స్టూలును ఒక్క తన్ను తన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పాపం అది పోయి గోడకు కొట్టుకుని కాలు విరిగింది. "బతికుండే మనిషికి దండేస్తావా? మా నాయనకి?"

"అన్నా, అది నేను పెట్టింది కాదు. తెర మరక. ఇన్నాళ్ళూ మా నాయన బొమ్మ దీని మీదే ఉండింది, ఆ నీడ దిగిపోయింది. మీ ఫోన్లో చూడండి, దండ ఉండాదా?"

"నాకు కంప్యూటర్ చెప్పబాక!"

పావని ఆ ఫోటోనే ఆత్మకూరుకు పంపి, అంకారావుకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. "అన్నా, ఇప్పుడు పంపినాను చూడు, పెద్దాయన మెడలో ఏమన్నా ఉండాదా?"

"మెడలోనా? బంగారు గొలుసుండాది" అన్నాడు అంకారావు. "ఇంకేం లేదే. ఫోటో శుభ్రంగా ఉండాది. ఏం, ఎందుకు?"

రాజమోహన్ తన ఫోనూ తీసి చూసుకున్నాడు. అందులోనూ లేదు. కొంత తగ్గాడు. కానీ చెంచురామయ్యకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. అనుమానం పెనుభూతం. నోటి మాటతో నలుగురిని ఊళ్ళోంచి వెళ్ళగొట్టిన మనిషి, నుదుటి చెమట కండువాతో తుడుచుకుంటూ తెర వంకే చూస్తున్నాడు. ఒకసారి చెయ్యి ఆయనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది.

"తీసెయ్ దాన్ని" అన్నాడు.

"ఇప్పటికిప్పుడు పోదయ్యా. తెల్లటి పేజీ పెట్టి వదిలేస్తే మెల్లమెల్లగా పోతాది. ఎంతసేపు పడతాదో చెప్పలేను."

"పెట్టు. నా కళ్ళ ముందర పోవాల. అందాకా నేనీడనే కూర్చోనుంటా."

మరక ఎంత దిగిందో చూద్దామని పావని ముందు ఖాళీగా ఒక బూడిదరంగు పేజీ తెరిచింది. ఆ ఖాళీలో దండ ఇంకా స్పష్టంగా తేలింది. దండతో పాటు మనిషీ తేలాడు. ఎండకు చికిలించిన కళ్ళు, తెల్లబడిన మీసం, ఒకవైపు వంగిన చెవి. చెంచురామయ్య జేబులో కళ్ళజోడు వెతికి పెట్టుకుని ముందుకు వంగాడు.

"ఇది సుందరయ్య గదా?"

"అవునయ్యా."

చెంచురామయ్య కుర్చీలో వెనక్కి వాలి, ఊపిరి వదిలి, పెద్దగా నవ్వాడు. "ఓర్నీ, వీడా! నాకే మూడిందనుకోని గుండె జారిపోయింది గదరా రాజా! చచ్చింది వీడేగా, పోనీలే!" అంటూ పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొస్తే, ఆ నీళ్ళు తుడుచుకున్నాడు. సుందరయ్య పోయాడని ఆ కళ్ళు తడిసిన దాఖలా లేదు. "సరే మే, మరక ఉంటే ఉండనీ. నాది కొట్టు. ఎల్లుండి తెల్లారేసరికి సెంటర్లో ఉండాల."

పావని కడుపు మండిపోయింది. చెప్పులతో వచ్చినందుకు కాదు, జాగా లాక్కున్నందుకూ కాదు. పోనీలే అన్న ఆ ఒక్క మాటకు మండింది. మర్యాదకు మర్యాద, బతిమాలటానికి బతిమాలటం అన్నీ అయిపోయాయి. ఈ మనిషికి దేవుడంటే భయం లేదు, ఊరంటే సిగ్గు లేదు. ఉన్న భయం ఒక్కటే, ఇప్పుడే కళ్ళారా చూసింది.

"నవ్వబాకండయ్యా" అంది మెల్లగా.

"ఏంది?"

"నవ్వబాకండి అంటన్నా. మరకని నేనూ అనుకున్నా. అంకారావన్న కూడా మరకే అంటాడు. మరకైతే అందరికీ పడాల గదా? మా నాయన పోయిన కాడ నుంచి దీంట్లో పెళ్ళికూతుళ్ళ ఫోటోలు తెరిచినా, పసిబిడ్డల ఫోటోలు తెరిచినా. ఒక్కరి మెడలో పడలా. ఆయన జాగా నాది అని మీ నోటితో అన్నారు. వెంటనే మీ మెడలో పడింది."

పచ్చి అబద్ధం. చుట్టాల పుణ్యమా అని అన్ని రోజులూ ఆమె ఇంకో ఫోటోనే తెరవలేదు. అయినా ఆ అబద్ధం ఆమె నోట్లోంచి కడిగిన ముత్యంలా వచ్చింది.

"మీ ఇష్టమయ్యా. కొట్టమంటే కొడతా. ఎల్లుండి పొద్దున మేము మా నాయనకి పిండం పెట్టే ఏళకి, ఆయన ఉండాల్సిన జాగాలో మీరుంటారు. అంతే గదా."

చెంచురామయ్య మొహంలో నవ్వు చప్పున ఆరిపోయింది.

"అబద్ధం నాయనా! ఇందాక మరకని చెప్పిన నోరే గదా ఇది!" అన్నాడు రాజమోహన్.

"నువ్వుండరా." పెద్దాయన లేచాడు. కుర్చీ పట్టుకుని గాని లేవలేకపోయాడు. "ఆ జాగా వాళ్ళకొదిలేయ్. నాకేం ఫ్లెక్సీ వొద్దు. ఈ యేడు పుట్టినరోజే వొద్దు. నా ఫోటో తీసెయ్ మే, నేను చూస్తా ఉండంగా తీసెయ్."

పావని తీసేసింది. ఆయన తెర వైపు వీపు తిప్పకుండా, గుళ్ళోంచి వచ్చినట్టు వెనక్కి వెనక్కి నడిచి కారెక్కాడు. రాజమోహన్ గుమ్మంలో ఆగి వేలు చూపించాడు. "మా నాయన్ని బెదిరిస్తావా? నీ షాపుకి గిరాకీ ఎట్టొస్తాదో నేనూ చూస్తా."

"చూడన్నా" అంది పావని. తండ్రి పోయాక ఆమెకు అంత సంతోషం కలగడం అదే మొదటిసారి.

అనుకున్న రోజున సుందరయ్య సెంటర్లో లేచాడు. ఆత్మకూరు నుంచి వచ్చే ప్రతి బస్సూ ఆయన ముందే మలుపు తిరిగింది. పావని తల్లి మాలకొండమ్మ రోడ్డు పక్కన కూర్చుని మొగుడిని కళ్ళ నిండా చూసుకుంది. మాల్యాద్రి పేరు ఎక్కడుందో వేలు పెట్టి అందరికీ చూపించాడు. పావని ఏడ్చింది, ఏడుస్తూనే గెలిచాననుకుంది.

రాజమోహన్ పగ తీర్చుకోవాల్సిన అవసరమే రాలేదు. ఆ పని తండ్రే చేశాడు. చెంచురామయ్య అదే వారం ఇంట్లో ఆయుష్షు హోమం పెట్టించాడు. హోమం ఎందుకని ఊరు అడిగింది, ఎందుకో పనివాళ్ళు చెప్పారు. ఇంకేముంది? పావని కంప్యూటర్లో ఫోటో పెడితే మెడలో దండ పడుతుందన్న మాట సీతారామపురం దాకా పాకింది. కొండాపురం పెళ్ళివాళ్ళు ఇచ్చిన ఫోటోలు వెనక్కి తీసుకున్నారు. అప్పటికి తెర ఎప్పుడో బాగుపడింది. తెల్ల పేజీ పెట్టి వదిలేస్తే మరక ఆనవాలు లేకుండా పోయింది. రండి, చూడండి అని ఆమె దారిన పోయేవాళ్ళను పిలిచింది. వాళ్ళు గుమ్మం బయటి నుంచే తొంగి చూసి, పనుందని వెళ్ళిపోయారు. చావు ఫ్లెక్సీలకు మాత్రం జనానికి లోటు లేదు. పోయినవాళ్ళకు ఇంక పోయేదేముంది?

ఒక ఆదివారం పావని పల్లెకు పోయింది. చెరువు కట్ట దిగగానే ఫ్లెక్సీ కనబడింది. మాల్యాద్రి కూతురు దివ్యశ్రీ కొడుక్కి మొదటి పుట్టినరోజు. బిడ్డ బోసినవ్వు నవ్వుతున్నాడు. కింద పేర్లలో 'అత్త పావని' అని కూడా ఉంది. మూలన చిన్న అక్షరాల్లో అంకారావు షాపు పేరు, ఆత్మకూరు అని ఉంది.

ఇంటికి పోయేసరికి మాలకొండమ్మ వాకిట్లో చేపలు కడుగుతోంది.

"అమ్మా, మామ ఆ ఫ్లెక్సీ నాకెందుకు చెప్పలా? అంత దూరం పోయి చేయించినాడే?"

మాలకొండమ్మ తలెత్తలేదు. "నేనే పొమ్మన్నా."

"నువ్వా!"

"పసిబిడ్డ గదమ్మే. ఎందుకొచ్చిన..."

"అమ్మా, అది అబద్ధమే! ఆ ముసలోడ్ని భయపెట్టాలని నేనే కల్పించి చెప్పినా. నాయన జాగా కోసరం చెప్పినా. వొట్టి తెర మరక అది. ఇప్పుడు అది కూడా లేదు."

"ఏమోనమ్మా. చెంచురామయ్యంతటోడే జడిసి జాగా ఒదిలి పోయినాడు. నేనెంత?"

పావనికి కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. గబగబా ఫోను తీసింది. "సరే, ఇట్ట చూడు. నీ ఫోటో తీసి కంప్యూటర్లో పెడతా. రేపు నిన్నే తోడుకోని పోయి చూపిస్తా. ఏమీ కాదు, నీకే తెలుస్తాది. చూడమ్మా ఇటు."

మాలకొండమ్మ చేపలు అక్కడే వదిలేసి లేచింది. "వొద్దు తల్లీ, నీకు పుణ్యముంటాది" అంటూ, తడి చేతులతోనే కొంగు లాగి మొహం కప్పుకుంది.