కోటేశ్వరమ్మ ముక్కు

పొద్దున లేవగానే, మొహం కూడా కడుక్కోకుండా కోటేశ్వరమ్మ చేసే పని ఒకటుంది. వంటింట్లోకి వెళ్ళి ఇంగువ డబ్బా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని పీల్చడం. ఇంగువంటే పక్కింటివాళ్ళకి కూడా తెలిసే వాసన. ఆవిడకి మాత్రం ఏమీ తెలియడం లేదు. గాలి ధారాళంగా లోపలికి పోతోంది, బుద్ధెరిగాక ఎన్నడూ పోనంత హాయిగా. ఆ హాయికే ఆవిడకి ఒళ్ళు మండుతోంది.

ఆపరేషనై నెల దాటింది. అసలు ఆ ఆపరేషన్ దాకా ఎందుకొచ్చిందో చెప్పకపోతే ఆవిడ కోపం మీకు అర్థం కాదు.

గడ్డిఅన్నారంలో ఆవిడ కందిపొడి తెలియని ఆంధ్రా ఇల్లు లేదు. పెళ్ళయి రేపల్లె నుంచి వచ్చిన కొత్తలో ఇంట్లోకని చేసిన పొడి ఇరుగుపొరుగుకి పాకి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళకి పాకి, చివరికి ఎల్‌బీ నగర్‌లో బస్సులాగేచోట విజయ్‌కుమార్ అనే అతని కొట్లో అద్దాల అరలోకి ఎక్కింది. మెస్సు కూర గొంతు దిగని పిల్లలంతా ఆ పొడి మీదే బతికి పరీక్షలు రాశారు. కందిపప్పు ఎంతసేపు వేయించాలి పిన్నిగారూ అని ఎవరైనా అడిగితే, "నన్నెందుకమ్మా, మీ ముక్కునడగండి" అనేది. పప్పు రంగు మారకముందే కమ్మదనం లేస్తుంది. అది లేచిన క్షణాన మూకుడు దించాలి. ఆవిడ ముక్కులో ఒక రంధ్రం చిన్నప్పట్నుంచీ మూతబడే ఉండేది. ఉన్న ఒక్కటీ రెండింటి పనీ చేసేది. పళ్ళ మార్కెట్ ఇక్కడున్న రోజుల్లో, బత్తాయి లారీలు వచ్చాయో మామిడి లారీలు వచ్చాయో మంచం దిగకుండా చెప్పేది.

రెండేళ్ళ కిందట మొదలైంది నిద్ర. రాత్రంతా గురక, పగలంతా కునుకు. ఆటోలో నిద్ర, గుళ్ళో వరుసలో నిద్ర. ఓ రోజు మూకుడు ముందు నిలబడే తూలి, కాలుతున్న గరిట పాదం మీద పడేసుకుంది. అప్పుడుగానీ భర్త సాంబమూర్తి ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళలేకపోయాడు. ఒక రాత్రి ఒంటినిండా వైర్లు తగిలించి పరీక్ష చేశారు. నిద్రలో ఊపిరి ఆగిపోతోందన్నారు. ఆగడం, ఉలిక్కిపడి మళ్ళీ అందుకోవడం, రాత్రంతా అదే పని. స్లీప్ ఆప్నియా అని దానికో పేరు, ముక్కుకి తగిలించుకుని పడుకోవడానికి గాలి ఊదే మెషినూ ఇచ్చారు. మూతబడ్డ ముక్కులోకి ఆ గాలి పోతే కదా. అందుకని లోపల వంకరగా ఉన్న గోడని సరిచేశారు. వారం రోజులు నోటితో ఊపిరి పీల్చి, కూర్చుని నిద్రపోయి, ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుని కోటేశ్వరమ్మ గట్టెక్కింది. మెషిను పెట్టుకుంటే ఇప్పుడు చక్కగా నిద్ర పడుతోంది. వాసనే లేదు.

"లోపల ఇంకా వాపుందమ్మా. మెల్లగా వస్తుంది" అంది డాక్టరమ్మ.

"రాకపోతే?"

"చాలామందికి వస్తుంది."

ఆ 'చాలామంది'లో తాను లేకపోతే ఏమిటన్న భయం అక్కడ పట్టుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదు. ఇంటికొచ్చాక అది మెషిను మీద అనుమానంగా మారింది. రాత్రంతా ఆ గాలి ఊదుతుంటే పచ్చి ముక్కు ఎండిపోదూ? ఎండిన ముక్కుకి వాసనెలా తెలుస్తుంది?

ఇంకొన్నాళ్ళు పొయ్యి దగ్గరికి పోవద్దని చెప్పినా వినకుండా ఆవిడ మూకుడెక్కించింది. రంగు చూసి వేయించింది. డబ్బాలకెత్తి, సాంబమూర్తి స్కూటరు ముందు సంచిలో సర్ది, ఒక మాట చెప్పింది.

"ఇదిగో, వినండి. పొడి బాగాలేదని ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నాతో అన్నారంటే, ఆ రాత్రి నుంచి ఆ మాస్కు నా మొహాన పెట్టను. ఊపిరి ఆగితే ఆగింది."

సాంబమూర్తి హెల్మెట్టు పెట్టుకుని, బకిల్ తగిలించడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. సాయంత్రం ఖాళీ సంచితో వచ్చి, "అన్నీ ఇచ్చేశాను. బావుందన్నారు" అన్నాడు.

బావుందంటే సంతోషించాలి. కోటేశ్వరమ్మకి సంతోషం రాలేదు. తన నాలుకకి ఉప్పూ కారం తప్ప ఏమీ అందడం లేదు. నోట్లో వేసుకుంటే ఇసక నమిలినట్టుంది. మరి వాళ్ళకి ఎక్కడ బావుంది? చిన్న గిన్నెలో కొంచెం పొడి, నెయ్యి వేసి పై వాటాలో అద్దెకుండే యాదలక్ష్మికి పట్టుకెళ్ళింది. యాదలక్ష్మిది పోచంపల్లి దగ్గర నేత ఇల్లు, మనసులో మాట దాచుకునే మనిషి కాదు. ఆ ధైర్యంతోనే వెళ్ళింది.

యాదలక్ష్మి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. వెంటనే నీళ్ళ గ్లాసందుకుంది.

"ఎట్లుంది?" అడిగింది కోటేశ్వరమ్మ, ఆ యాసలోనే అడిగితే నిజం వస్తుందేమోనని.

"మంచిగనే ఉందక్కా."

"నా మీదొట్టు?"

"గిదేందక్కా, పొడికి ఒట్లెందుకు. నువ్వు జర పరేషాన్ గాకు. పొయ్యి మీద చారు పెట్టిన, పొంగుతది" అని లోపలికి పోయింది. చారు వాసనొస్తోందో లేదో కూడా తెలియని తన బతుక్కి కోటేశ్వరమ్మకి ఏడుపొచ్చింది. ఏడిస్తే ముక్కు దిబ్బడేస్తుందని అదీ మింగింది.

విజయ్‌కుమార్‌కి ఫోన్ చేసింది. "పొడి ఎట్లా పోతోంది బాబూ?"

అవతల పక్క బస్సు హారన్లు. "పోతున్నయమ్మా, మంచిగనే పోతున్నయి. గిరాకీ ఉంది, మళ్ళ ఫోన్ చేస్తా" అని పెట్టేశాడు. గిరాకీ ఉన్నా లేకపోయినా పావుగంట కబుర్లు చెప్పేవాడతను.

సాంబమూర్తి ధోరణి ఇంకా వింత. ఈవిడ రెండోసారి వేయిస్తానంటే ఆర్డర్లు లేవంటాడు. వేయించి డబ్బాలకెత్తితే పరుగున పట్టుకుపోతాడు. రోజూ మధ్యాహ్నం పళ్ళెంలో కూర పక్కకి జరిపి, ఆ పొడే కలుపుకు తింటాడు. కడుపులో మంటతో మజ్జిగన్నం తప్ప ముట్టని మనిషి! తింటూ ఈవిడ మొహంలోకి చూడడు. అందరూ కూడబలుక్కుని తనకేదో దాస్తున్నారనీ, ఈ ముక్కు ఇక రాదని డాక్టరమ్మ ఆయన చెవిలో చెప్పే ఉంటుందనీ ఆవిడకి అనిపించసాగింది. వాసన లేని కోటేశ్వరమ్మ ఎవరికి కావాలి? వీధిలో వంద దుకాణాల్లో దొరికే పొడే తనదీనూ.

నాలుగు రోజులు ఒకటే ముసురు. అయిదో రోజు తెరిపి ఇచ్చింది. సాంబమూర్తి కూరలకి వెళ్ళాడు. కోటేశ్వరమ్మ తడిబట్టలు బాల్కనీలో ఆరేస్తూ ఆగిపోయింది.

ఏదో వాసన.

ఊపిరి బిగబట్టింది. మళ్ళీ మెల్లగా పీల్చింది. నాని ముక్కిన గడ్డి వాసన. వేసవి పోగానే పాత దుప్పటి కప్పి మూలకి తోసేసిన కూలరు, దాని పక్కల్లో గడ్డి. చెత్త వాసనే, ఏ ఇంటావిడైనా మొహం చిట్లించే వాసన. కోటేశ్వరమ్మ దుప్పటి పక్కకి లాగి, ఆ జాలీకి ముక్కు ఆనించి పసిపిల్లలా పీల్చింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. వచ్చింది. తన ముక్కు తనకొచ్చింది.

అప్పుడు ఆ గడ్డి వెనక నుంచి ఇంకొకటి అందింది. ఆ రెండో వాసనని ఆవిడ ఇంకెవరికన్నా ముందు పోల్చగలదు. మాడిన కందిపప్పు.

జాలీ కొక్కేలు తీసి పక్కకి పెట్టింది. లోపల నీళ్ళుండే తొట్టిలో, వరసగా, తన డబ్బాలు. మూతల మీద తన చేత్తో రాసిన పేరు. అన్నీ. ఎల్‌బీ నగర్ వెళ్ళినవీ, హాస్టళ్ళకి వెళ్ళినవీ. ఒకదానికి మూత లేదు, సగం ఖాళీ అయింది, అందులో చెంచా ఉంది. చెంచాడు చేతిలో పోసుకుని వాసన చూసింది. మాడిపోయిన కమురు గుప్పుమని ముక్కులోకి ఎక్కింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఈ విషమా, రోజూ ఆయన నెయ్యేసుకు తిన్నది?

సాంబమూర్తి కూరల సంచితో వచ్చి బాల్కనీ గుమ్మంలో నిలబడిపోయాడు. నేల మీద డబ్బాలు, వాటి మధ్య భార్య.

"ఎప్పట్నుంచి?" అంది.

"మొదటి రోజు నుంచీ." సంచి కింద పెట్టాడు. "విజయ్‌కుమార్ తిరిగిచ్చేశాడు. పిల్లలూ అంతే. అతనికీ యాదలక్ష్మికీ నేనే చెప్పాను, నీతో అనొద్దని."

"పారేయకపోయారా?"

"నువ్వు చేసింది పారేయడానికి చేతులు రాలేదు."

"నాతో చెప్పచ్చుగా? మాడుతోందని ఒక్క మాట."

"నువ్వేమన్నావో గుర్తుందా? ఒక్కళ్ళు బాగాలేదంటే మాస్కు తీసేస్తానన్నావు." ఎన్నడూ లేంది ఆయన గొంతు పెరిగింది. "నీకేం, నిద్రపోతావు. నీ ఊపిరి ఆగడం చూసేది నేను. ఆగాక మళ్ళీ వస్తుందో రాదోనని చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చునేది నేను. పొడి మాడితే తింటాను. ఇంకా ఎన్ని డబ్బాలైనా తింటాను."

ఆ మాటంటూనే ఆయన చూపు గదిలోకి, మంచం పక్కన స్టూలు మీదున్న మెషిను వైపు పోయింది. నిజం బయటపడింది, ఇక ఈ రాత్రి మాటేమిటన్న భయం ఆ మొహాన స్పష్టంగా కనబడింది. కోటేశ్వరమ్మకి ఇన్నాళ్ళూ తన భయమే ఇంటినిండా ఉందనిపించింది. ఆయనకీ ఒకటుందని తట్టనేలేదు.

ఆవిడ లేచి, డబ్బాలన్నీ చెత్తసంచిలోకి ఒంపింది. కాళ్ళూ చేతులూ కడుక్కుని పొయ్యి వెలిగించింది. గుప్పెడంటే గుప్పెడు కందిపప్పు మూకుట్లో వేసింది. కమ్మదనం ఇంకా సన్నగానే అందింది, పక్కగదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు. అయినా అందింది. దించేసింది. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

ఆ రాత్రి పక్కలు వేశాక సాంబమూర్తి మెషిను దగ్గర కూర్చుని, ట్యూబు విప్పి మళ్ళీ బిగిస్తూ, ఆవిడ వైపు చూడకుండా కాలక్షేపం చేస్తున్నాడు.

"ఏవండీ" అంది కోటేశ్వరమ్మ. "ఈ నెలరోజుల్లో పొడి బాగాలేదని నాతో ఎవరైనా అన్నారా?"

ఆయన తలెత్తాడు. "లేదు."

"మీరన్నారా?"

"లేదు."

"మరింకేం. ఆ మాస్కు ఇటివ్వండి" అంది.