ఆఖరి బెజ్జం

వ్యాను తలుపుకి వేసిన బెజ్జం అంచున వేలు తిప్పి చూశాడు బోత్వే. ఇంకా గరుకుగానే ఉంది. మళ్లీ ఆకురాయి అందుకున్నాడు.

"ఓ నత్త తాతా! అక్కడ శవం పెట్టెలో, చుట్టాలు చావుకని ఎర్రబట్టలు కట్టుకుని రోడ్డు మీద. నువ్విక్కడ నా వ్యానుకి చెవులు కుడుతున్నావా?" అరిచింది అరబా.

సెకొండి సముద్రపు ఒడ్డున చేపలు పొగబెట్టి అమ్మి, ఆ పొగకి కళ్లు మండించుకుని కొన్న వ్యాను అది. శనివారాలు జరిగే అంత్యక్రియలకి, శవాన్ని తీసుకెళ్లడానికి మెరిసే బండినే పిలుస్తారు. అందుకే తలుపుల పొడవునా వెండిరంగు పట్టీ కావాలంది. ఆవిడ మొదటి వ్యానుకి ఇంకెవరో గంటలో బిగించి పంపారు, రంగు అద్దని పచ్చి ఇనుములోకే మరలు దింపి. రెండు వానాకాలాలు తిరక్కుండా పట్టీ కింద తలుపు తుప్పు పట్టి అప్పడంలా విరిగింది. ఆ కథ చెప్పి ఏడ్చిందీ ఆవిడే, ఇవాళ తొందరలో మరిచిందీ ఆవిడే. మనిషి బుద్ధే అంత.

పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి, తలుపు లోపల తిప్పాడు బోత్వే. బెజ్జాలు వేసినప్పుడు రాలిన ఇనుప రజను గుడ్డకి గడ్డంలా అంటుకుంది. అది లోపల మిగిలితే చాలు, ఈ ఉప్పుగాలికి తుప్పు అక్కణ్నించే మొదలు. పొద్దుటినుంచి ఎడమచెయ్యి లాగుతోంది. భార్య ఉన్నన్నాళ్లూ ఎక్కడ నొప్పని అడిగేది. ఆవిడ పోయాక చెప్పుకోవడం మానేశాడు. ముసలితనం దాకా ఆయన చేసిన పనంతా పట్టీల కిందే ఉండిపోయింది. ఎవరూ చూసింది లేదు.

"పక్క షెడ్డు క్వాంసా ఇప్పుడే బిగిస్తానంటున్నాడు. తాళాలిటివ్వు!"

"తీసుకుపో అమ్మీ. మూడో వ్యానుకి చేపలు ఇప్పట్నించే పొగబెట్టుకో."

అరబా స్టూలు ఈడ్చుకుని కూలబడింది. "సరే, కూర్చుంటా. బెజ్జాలకి రంగు తొందరగా ఆరలేదో, నిన్నే ఆ పెట్టెలో పెట్టిస్తా!"

బోత్వే నవ్వాడు. బెజ్జాల అంచులకి ఒక్కొక్కటిగా తుప్పు పట్టనివ్వని రంగు అద్దుకుంటూ వెళ్లాడు. ఒక్కటి మిగిలింది. ఆయాసం తీర్చుకుందామని చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

చావింటివాళ్లు ఫోను చేశారు. "వస్తున్నానయ్యా, ఆరుతోంది," అంది అరబా. కాసేపాగి, "తాతా, ఆరిందా?" అంది. దగ్గరికెళ్లి భుజం తట్టింది. ఆయన చేతిలోని కుంచె జారి కింద పడింది.

"ఉత్తుత్తికే అన్నా కదయ్యా! నా నోరు పడిపోను, ఉత్తుత్తికే అన్నా!"

పక్క షెడ్లవాళ్లు ఆయన శవాన్ని మోసుకుపోయారు. చావింటివాళ్లు వేరే బండి చూసుకున్నారు. సాయంత్రం క్వాంసా పట్టీ, మరలు పట్టుకుని వచ్చాడు. "ఒక్క బెజ్జమేగా అక్కా, పట్టీ కింద ఎవడు చూస్తాడు? బిగించేస్తా."

"చెయ్యి తియ్యి."

కుంచెకి అంటిన మట్టి కొంగుతో తుడిచి, రంగులో ముంచి, ఆఖరి బెజ్జం అంచు చుట్టూ అద్దింది అరబా. రంగు కాస్త బయటికి పాకింది. ఆరేదాకా ఆ స్టూలు మీదే కూర్చుంది. వ్యాను మెట్టు మీద గుడ్డ చుట్టిన అయస్కాంతం ఉంది, పొద్దుటి ఇనుప రజను ఇంకా దానికి అంటుకునే ఉంది.