దీపమని రాసుకున్న కారు

చనిపోయిన ముసలావిడను కారు చూడక గుద్దలేదు, చూసే గుద్దింది.

తెర మీద ఆ సంగతి బయటపడగానే ఇన్‌స్పెక్టర్ యాగొద విదాస్ కాఫీ పక్కకు నెట్టి, కారు కెమెరా తీసిన వీడియోను వెనక్కి తిప్పింది. జాగ్రెబ్ నగరంలో సమాధుల తోట గోడ పక్కన, మసక వెలుతురులో, ల్యూబిత్స అనే ముసలావిడ రోడ్డుకు వీపు పెట్టి మోకరిల్లి ఎర్రగాజు దీపం వెలిగిస్తోంది. కొడుకు మోటార్‌సైకిల్ మీంచి పడి చనిపోయిన చోటు అది. ఏటా, పోయినవాళ్ళకు ఊరంతా దీపాలు పెట్టే సకల పునీతుల పండుగనాడు, ఆమె దీపం అక్కడే పెట్టేది.

దానంతటదే నడిచే ఆ కారు, కనిపించిన ప్రతిదాని చుట్టూ గీత గీసి పేరు రాసుకుంటుంది. గోడ. చెట్టు. మనిషి. ల్యూబిత్సనూ ఆమె చేతిలోని వెలుగునూ కలిపి ఒకే గీత గీసి ‘దీపం’ అని రాసుకుంది. వేగం తగ్గించలేదు.

అయినా చట్టం దృష్టిలో డ్రైవరు సీట్లో కూర్చున్నవాడే డ్రైవరు. కారు తప్పు చేస్తే బ్రేక్ నొక్కడానికని ఆ సీట్లో కూర్చోబెట్టిన తిహొమిర్ గ్రెగూరిచ్ మీద మర్నాడే నేరం మోపబోతున్నారు. రుజువైతే జైలే. యాగొద అతన్ని పిలిపించింది.

“జుట్టు నెరిసేదాకా ట్రామ్ నడిపానమ్మా. పావురం తోక కూడా తొక్కలేదు. ఇప్పుడు ముట్టుకోవద్దన్న స్టీరింగ్ ముందు కూర్చుని మనిషిని చంపానట!”

“బ్రేక్ మీదే కదా మీ కాలు?”

“నొక్కాను. ఆలస్యంగా నొక్కాను. ఆ కారుకు దారి పక్కన దీపం కనబడితే చాలు, మొండి గాడిదలా నిలబడిపోయేది. వెనకవాళ్ళు హారన్లు కొట్టి మా అమ్మనీ అమ్మమ్మనీ కలిపి తిట్టేవాళ్ళు. ఆ రోజు కూడా అదే ఆగుతుందనుకున్నా.”

యాగొద ఫోను అందుకుంది.

సాయంత్రం అదే కారును అదే రోడ్డు మీదికి తెప్పించింది. కారుకు తెలివి నేర్పిన ఇంజినీరు బోర్నా లిసాక్ ముందు కూర్చున్నాడు. యాగొద, తిహొమిర్ వెనక. గోడ పక్కన బట్టల దుకాణం బొమ్మకు నల్లకోటు తొడిగి, మోకాళ్ళ మీద నిలబెట్టి, చేతుల్లో దీపం పెట్టారు. కారు వచ్చి, బొమ్మకు దూరంగానే మెత్తగా ఆగింది.

“చూశారుగా మేడమ్,” అన్నాడు బోర్నా. “తప్పు కారులో లేదు. మనిషిలో ఉంది.”

తిహొమిర్ ముఖం పాలిపోయింది.

“బొమ్మను తీసేయండి,” అంది యాగొద బయటున్న కానిస్టేబుల్‌తో. “దీపం ఉండనివ్వండి.”

మళ్ళీ వచ్చారు. ఉత్త దీపం ముందు కూడా కారు ఆగిపోయింది.

“వచ్చిందండీ మా గాడిద!” అన్నాడు తిహొమిర్, నవ్వలేక.

యాగొద ముందుకు వంగింది. “పండక్కి ముందు ఈ కారు దీపాలకు ఆగేది. ఇవాళా ఆగింది. ఆ ఒక్క సాయంత్రం మాత్రం దీపమని రాసుకుని కూడా ఆగలేదు. దాని బుర్ర ఎవరో మార్చారు, ఆవిడ పోయాక మళ్ళీ మామూలు చేశారు. ఎవరు, బోర్నా గారూ?”

బోర్నా గోడ వైపు తిరిగాడు.

“నేనే,” అన్నాడు. “పండగనాడు మంత్రిగారిని ఈ కారెక్కిద్దామన్నారు మా కంపెనీవాళ్ళు. అడుగడుక్కీ ఆగితే నవ్వులపాలవుతాం కదా. ఈ గోడ పొడుగునా నేల దగ్గర ఎర్రవెలుగు కనిపిస్తే దీపమే, ఆగకు, పక్కకు తప్పుకోకు అని కారుకు చెప్పాను. తిహొమిర్‌కి చెప్పలేదు. చెబితే బండి ఎక్కనంటాడని తెలుసు. మంత్రిగారు ఎక్కేముందు ఒకసారి ఆ రోడ్డు మీద ఖాళీగా తిప్పి చూద్దామని పంపాను. నేను పుట్టింది ఈ ఊళ్ళోనే మేడమ్. ఏటా మా అమ్మమ్మను తీసుకొచ్చేవాణ్ణి. ఆవిడ చామంతులు పట్టుకుని దిగేది, నేను కార్లోనే కూర్చునేవాణ్ణి. నాకు తెలిసినవి వెలిగించాక కనబడే దీపాలే. వాటిని వెలిగించేవాళ్ళు నాకు తట్టనే లేదు. ల్యూబిత్స గారు పోయారని ఫోను రాగానే ఆ మాట కారులోంచి చెరిపేశాను. ఈ పెద్దాయన జైలుకెళ్తాడని తెలుసు. తెలిసే చెరిపేశాను.”