తాళంచెవి అందింది

జూలైలో నడిచలికాలం వచ్చే ఆ దక్షిణపు పీఠభూమి మీద ఒంటిగంటకు రేడియోలో కబుర్లు చదువుతారు. టౌను నుంచి కాపరి గుడిసెలకు, గుడిసెల నుంచి టౌనుకు, ఎవరు ఏం రాసిస్తే అది, అక్షరం మార్చకుండా. గాలి హోరులో వినపడదేమోనని ఒక్కొక్కటి రెండేసి సార్లు. ఫలానావాళ్ళ కోడలికి ఆడపిల్ల పుట్టింది, ఫలానావాడి గుర్రం దొరికింది, ఫలానా ముసలామె ఆపరేషను అయి కులాసాగా ఉంది. ఆ వేళకు అందరూ చెంచా కింద పెట్టి చెవులు రిక్కిస్తారు. ఒకరి కబురు ఇంకొకరు వినకూడదన్న మర్యాద అక్కడ ఎవరికీ లేదు.

ఆ బుధవారం ఉప్పునీటి గుడిసె అని పిలిచే తన కాపరి గుడిసెలో దొమితీలా చెవిన పడ్డ కబురు ఇది: "లా పొర్ఫియా ఎస్టేటు కాపరులందరికీ మేనేజరు బర్రియెంతోస్ తెలియజేయునది. గొర్రెల దొంగతనాలు ఎక్కువైనందున లోయ గేట్లన్నిటికీ తాళాలు వేయించాను. నా అనుమతి లేకుండా ఎవరూ తియ్యరాదు. కంచె తీగ మీద చెయ్యి వేసినవాడికి ఈ ఎస్టేటులోనే కాదు, ఏ ఎస్టేటులోనూ పని దొరకదు."

"దొంగలంట!" అంది దొమితీలా, మాంసం పులుసు కలుపుతున్న గరిటె గాల్లో ఆడిస్తూ. "ఈ జూలై చలికి దొంగనాయాలు గూడా పొయ్యి కాడ కూర్చోనుంటాడు. ఈయనకెవరు చెప్పినారో!"

ఆమె భర్త అనీసెతో మాతే కషాయం ఒక గుక్క పీల్చి, "మనకెందుకులే. ఆయన మేనేజరు గదా" అన్నాడు.

అనీసెతో అంటే అదీ. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరినో ఒకరిని అడగనిదే అడుగు వెయ్యడు. పెళ్ళినాడు చర్చిలో ఫాదరు "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అంటే, "మీరు సరేనంటే" అన్నాడట. చుట్టాలంతా విరగబడి నవ్వారు. దొమితీలాకు మాత్రం ఆ రోజు ఎక్కిన కోపం ఇరవై ఆరేళ్ళయినా పూర్తిగా దిగలేదు.

మర్నాడు తెల్లారేసరికి గాలి లేదు. అక్కడ గాలి ఉంటే ఎవరూ భయపడరు, లేకపోతేనే భయపడతారు. గొర్రెలు మేతకు కదలకుండా ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడ్డాయి. దక్షిణాన ఆకాశం నేలదాకా సీసం రంగు తిరిగింది. ఏం రాబోతోందో ఇద్దరికీ తెలుసు. మంచుగాలి లేచిందంటే గొర్రె దానికి వీపు తిప్పి నడక మొదలుపెడుతుంది. కంచె తగిలితే అక్కడ ఆగుతుంది. వెనకది ముందుదాని మీదెక్కుతుంది, దాని మీద ఇంకొకటి. గాలి తగ్గాక తవ్వి చూస్తే కంచె పొడుగునా ఉన్ని గుట్టలే మిగులుతాయి. గేటు తెరిచి ఉంటే మాత్రం అవే లోయలోకి దిగి, బండల చాటున ఒకదాన్నొకటి కరుచుకుని బతికిపోతాయి. ఇది చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. తాళం వేయించిన మేనేజరుకు తెలియదా? తెలుసు. అందుకే కదా ఒళ్ళు మండేది!

"తీగ కోసేద్దాం" అంది దొమితీలా.

"వద్దు. బంగళాకు పొయ్యి మేనేజరును తాళంచెవి అడిగొస్తా."

"ఎందుకడగాల? ఆయన చూస్తాండాడా ఈ ఆకాశం? పది కిలోమీటర్లు పోవాల, పది రావాల. నడిమధ్యలో గాలి లేస్తే?"

"మధ్యాన్నం లోపల వచ్చేస్తాలే. అడక్కుండా కోస్తే పని పోతాది దొమితీలా. ఈ వయసులో యాడికి పోదాం?"

"పో, పొయ్యి అడుగు! అడిగి అడిగి ఒకనాడు చచ్చేదానికి గూడా పర్మిషన్ అడుగుతావు!"

అంతలేసి మాటలన్నదే, వేయించిన రొట్టెలు రెండు గుడ్డలో చుట్టి అతని కోటు జేబులో కుక్కింది. అతను బూడిదరంగు గుర్రమెక్కి కంచె వెంబడే బయల్దేరాడు. ఆ కంచె వాళ్ళ గుడిసె దొడ్డి దగ్గర మొదలై ఎస్టేటు బంగళా దాకా ఎక్కడా తెగకుండా పోతుంది. మంచులో దారి తప్పినవాడు ఆ తీగ మీద చెయ్యేసి నడిస్తే ఎప్పటికైనా పొయ్యి దగ్గరికి చేరతాడు. ఆ చుట్టుపక్కల ఎవరైనా పిల్లలకు అన్నిటికన్నా ముందు నేర్పే పాఠం అది.

పదకొండింటికి గాలి లేచింది.

లేవడం కాదది, మీద పడటం. గుడిసె కప్పు రేకు ఒకటి చప్పుడు చేస్తూ పైకి లేచి మళ్ళీ పడింది. కిటికీలోంచి దొడ్డి కనపడలేదు. కాసేపటికి కిటికీయే కనపడలేదు. దొమితీలా గొర్రెతోలు కోటు మీద పోంచో కంబళి వేసుకుని, నడుముకు తాడు బిగించి, గొడ్డలీ తీగ కోసే కత్తెరా పట్టుకుని బయటికొచ్చింది. పిచీ అనే ఆడకుక్క ఆమె కాళ్ళకు అతుక్కుని నడిచింది. తీగ మీద చెయ్యేసి మూడు వందల అడుగులు లెక్కపెట్టుకుంటూ గేటు దగ్గరికి చేరేసరికి, గొర్రెలు అప్పటికే అక్కడున్నాయి. అడుగున ఉన్నవి అరవడం కూడా మానేశాయి.

గొడ్డలి తిరగేసి తాళం మీద కొట్టింది. కొత్త ఇత్తడి తాళం, నిమ్మకాయంత లావు. రెండో దెబ్బకు గొడ్డలి చేతిలోంచి జారి మంచులో ఎక్కడ పడిందో కనపడలేదు. గేటు చెక్కలకు మంచు ఛాతీ ఎత్తు పేరుకుపోయింది. తాళం తీసినా ఆ గేటు వేలెడు కదలదు.

"ఓరి నీ తాళం తగలబెట్టా! నీ గేటు తగలబెట్టా! దొంగల కోసం కట్టినావా ఇది, మా పాడె కోసం కట్టినావా?" అని అరిచింది. గాలి ఆ మాటలు నోట్లోంచి లాక్కుపోయింది.

గేటు పక్కన తీగలకు మాత్రం మంచు పేరుకోలేదు, గాలి వాటి సందుల్లోంచి పోతోంది కనక. కత్తెర పెట్టింది. మొదటి తీగ తెగి ఝంగున ఎగిరి చెంప చీరింది. రక్తం తుడుచుకోకుండా రెండోది, మూడోది, ఏడో తీగ దాకా కోసింది. అయినా గొర్రెలు కదలవే! మెడలో గంట ఉన్న ముసలి గొర్రెను కొమ్ములు పట్టి ఈడ్చి, దాని పిర్ర మీద ఒక్క తన్ను తన్నింది. పిచీ వెనకనుంచి కరుస్తూ వచ్చింది. గంట లోయలోకి దిగింది. దాని వెనక ఒకటి, తర్వాత పది, ఆ తర్వాత మంద మంద. మధ్యలో ఉన్న గుంజలు రెండూ విరిగి వాటి కాళ్ళ కింద పడి నలిగాయి. తీగలు మంచులో కూరుకుపోయాయి. అడుగున పడి చచ్చినవి పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. తక్కినవన్నీ దాటాయి.

తీగ పట్టుకుని గుడిసెకు తిరిగొచ్చి, చేతులు పొయ్యి దగ్గర చాపి, "చూడు అనీసెతో, నువ్వు అడిగొచ్చే లోపల పని అయిపోయింది" అని ఖాళీ కుర్చీతో అంది. సంతోషంగానే అంది. అప్పుడే రేడియోలో కబుర్లు మొదలయ్యాయి. నిన్నటిదే మళ్ళీ చదివారు. కంచె తీగ మీద చెయ్యి వేసినవాడికి ఈ ఎస్టేటులోనే కాదు... దొమితీలా బూటు విప్పి రేడియో మీదికి విసిరింది. రేడియో కింద పడి కూడా చదువుతూనే ఉంది. దానికి నోరే గానీ చెవులు లేవు, అదీ ఆమె బాధ.

బయట ఏదో గోడకు రాసుకున్న చప్పుడైంది. తలుపు తీసింది.

బూడిదరంగు గుర్రం. కళ్ళ చుట్టూ మంచు గడ్డకట్టింది, కళ్ళెం తెగి వేలాడుతోంది. జీను ఖాళీ.

ఆమెకు అన్నీ ఒక్కసారే తోచాయి. గుర్రం జారి ఉంటుంది, పడి ఉంటాడు, బతికుంటే లేచి ఉంటాడు. లేస్తే ఏం చేస్తాడు? చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పిందే చేస్తాడు. తీగ మీద చెయ్యేసి నడుస్తాడు. ఎంత గాలైనా వదలడు. మూడు వందల అడుగుల దూరం దాకా వచ్చి, తెగిన తీగ కొస చేతిలో పట్టుకుని నిలబడతాడు. అవతలి గుంజ కోసం నాలుగడుగులు వేస్తాడు. గాలి పక్కకు తోస్తుంది. ఆ పక్కనే లోయ.

"కోసింది నేనే" అంది పైకే. "నా చేతులు విరగ! నేనే కోసినానే తల్లీ!"

అంతసేపూ మేనేజరు మీద ఉన్న కోపమంతా తిరిగి తన మీదికే వచ్చింది. ఏడవడానికి తీరిక లేదు. జీనుకు చుట్టి ఉన్న పలుపుతాడు ఊడదీసింది. గుర్రాన్ని దొడ్డి గోడ చాటున వదిలేసి మళ్ళీ తీగ పట్టుకుంది. ఈసారి అడుగులు లెక్కపెట్టలేదు, తీగ అయిపోయేదాకా నడిచింది. ఇవతలి గుంజకు తాడు ఒక కొస బిగించి, రెండో కొస నడుముకు కట్టుకుని, గాలికి భుజం ఆనించి, మంచులో మోకాళ్ళ మీద పాకుతూ అవతలికి పోయింది. ఒకసారి కాలి కింద నేల లేదు. తాడు పట్టి లాక్కుని పైకొచ్చింది. చివరికి అవతలి తీగ కొస దొరికింది. తాడు మాత్రం ఆ గుంజకు అందలేదు. ఒక మనిషి పొడవు తక్కువైంది.

ఆ మనిషి పొడవులో తనే నిలబడింది. ఎడమ చేత్తో తెగిన తీగ పట్టుకుంది, కుడి చెయ్యి తాడు మీద వేసింది. పిచీ ఆమె కాళ్ళ మధ్య ముడుచుకుంది. ఇక చెయ్యడానికి ఏమీ లేదు, తిట్టడం తప్ప. మేనేజరును తిట్టింది, అతని ఇత్తడి తాళాన్ని తిట్టింది, దొంగల్ని తిట్టింది, ఆ దొంగలు నిజంగా లేనందుకు ఇంకా తిట్టింది. పేరు తెలిసిన సెయింటులను ఒక్కొక్కరినే పిలిచి కడిగిపారేసింది. అనీసెతోను పెళ్ళినాటి నుంచి మొదలుపెట్టి ఏ సంవత్సరమూ వదలకుండా తిట్టింది. పాదాలు స్పర్శ లేకుండా పోయాయి. పొద్దు వాలుతున్నట్టు తెల్లదనం బూడిదరంగుకు తిరిగింది. నోరు మూతపడితే నిద్రొస్తుందని, నిద్రొస్తే ఇద్దరూ పోతారని ఆమెకు తెలుసు. అందుకే మళ్ళీ మొదటినుంచి అందుకుంది.

చేతిలో తీగ ఒకసారి వణికింది. గాలికి వణికినట్టు కాదు. ఆగి, మళ్ళీ. ఆ తర్వాత ఆమె చేతి మీద ఇంకో చెయ్యి పడింది.

"ఎవరిని తిడతాండావు?" అన్నాడు అనీసెతో. పెదాలు కదలడం లేదు, మాట ముద్దగా వచ్చింది. "దూరం నుంచి వినపడతానే ఉంది."

ఆమె అతన్ని తాడు మీదికి తోసి, వెనకనుంచి పొడుస్తూ, లాగుతూ గుడిసెకు చేర్చింది. అతని కుడిచేతికి తొడుగు లేదు. గుర్రం పడ్డప్పుడు పోయిందట. ఆ చేత్తోనే ఇనప తీగ పట్టుకుని అయిదు కిలోమీటర్లు నడిచాడు, ఎడమ చెయ్యి కోటు జేబులో పెట్టుకుని.

"ఆ చెయ్యి ఎందుకు మార్చలేదయ్యా? తొడుగున్న చేత్తో పట్టుకోకూడదా?"

అతను ఎడమ చెయ్యి జేబులోంచి తీసి పిడికిలి విప్పాడు. "పడిపోతాదేమోనని" అన్నాడు. ఇత్తడి తాళంచెవి.

దొమితీలా ఆ తాళంచెవి లాక్కుని తన జేబులో వేసుకుంది.

"పొద్దున్నే ఇచ్చి ఉంటే గాలికి ముందే వచ్చేటోణ్ణి" అన్నాడు అతను, ఎవరి మీదా తప్పు వెయ్యకుండా. "మేనేజరుగారు లెక్కలు చూసుకుంటాండారు. వంటింటి గడప కాడ కూర్చోమన్నారు. రెండు గంటలు కూర్చున్నా. రేపు తిరిగి తెచ్చియ్యమన్నారు."

నాలుగు రోజులకు రోడ్డు మంచు తోసే యంత్రం వెనకాలే బర్రియెంతోస్ వచ్చాడు. గుర్రం దిగి ముందు కంచె దగ్గరికే పోయాడు. విరిగిన గుంజలు చూసి, లోయలో మందను చూసి, ఆ తర్వాత గుడిసెలోకొచ్చి గడపలోనే నిలబడి అడిగాడు.

"తీగ ఎవరు కోసింది?"

"నేనే" అన్నాడు అనీసెతో మంచం మీదినుంచి. నల్లబడ్డ రెండు వేళ్ళకు చుట్టిన గుడ్డలు దుప్పటి కింద దాచుకున్నాడు.

"అబద్ధం" అంది దొమితీలా. "నేను కోసినా. నువ్వు ముందు మనిషిని చూడు, ఆ తర్వాత తీగ చూద్దువు గానీ."

బర్రియెంతోస్ మనిషిని చూడలేదు. "ఎవరైనా ఒకటే. రేడియోలో చెప్పినా. ఉన్ని కత్తిరింపులు కాగానే ఇల్లు ఖాళీ చెయ్యండి" అన్నాడు. "తాళంచెవి ఏదీ?"

"ఆయన వేళ్ళు రెండూ నువ్వు తెచ్చిచ్చినప్పుడు ఇస్తా" అంది.

యంత్రం నడిపేవాళ్ళే అనీసెతోను టౌను ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరు చిటికెన వేలూ దాని పక్కదీ తీసేశాడు. మర్నాడు పొద్దున్నే దొమితీలా రేడియో ఆఫీసుకు పోయి, కాగితం అడిగి, నిలబడే రాసింది. కబుర్లు తీసుకునే అమ్మాయి అది చదువుకుని, "అమ్మా, ఇది ఇలాగే చదవమంటావా?" అంది. "అక్షరం మార్చరంట గదా మీరు?" అంది దొమితీలా.

ఒంటిగంటకు ఆసుపత్రి వార్డులో నర్సు రేడియో పెట్టింది. ఎవరికో దూడ తప్పిపోయింది, ఎవరికో మనవడు పుట్టాడు. తర్వాత చదివే మనిషి గొంతు సవరించుకున్నాడు.

"లా పొర్ఫియా మేనేజరు బర్రియెంతోస్‌కు, ఉప్పునీటి గుడిసె దొమితీలా చెప్పేది. తాళంచెవి అందింది. నీ తాళం భద్రంగా ఉంది. గేటు తెరుచుకోలేదు. తీగ కోసింది నేను. గొర్రెలు బతికినాయి. తాళంచెవి కోసం నువ్వు గడపలో కూర్చోబెట్టిన మనిషికి రెండు వేళ్ళు పోయినాయి. మళ్ళీ మంచుగాలి వస్తే మళ్ళీ కోస్తా. కాపరులందరూ ఇళ్ళలో కత్తెర పెట్టుకోండి."

వార్డులో అందరి తలలూ వాళ్ళిద్దరి వైపూ తిరిగాయి. అనీసెతో ముఖం ఎర్రబడింది. ఇంకెవరైనా అయితే దుప్పటి ముఖం మీదికి లాక్కునేవారు. అతను కూడా లాక్కుంటాడనే అనుకుంది దొమితీలా. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి అతను నర్సును పిలిచాడు.

"రెండోసారి చదవబోతాండారు. సౌండు పెంచమ్మా" అన్నాడు, ఎవరినీ అడక్కుండా.