నాలుగో వంపు

చెలమ కూలిపోయి గొలుసు తాత కోడలు చనిపోయింది. వాగు నాలుగో వంపు దగ్గర, ఇసుకలో నిలువెత్తు గొయ్యి తవ్వి, అడుగున ఊరిన నీళ్లు చెంబుతో తోడుతుండగా ఒడ్డు విరిగి మీద పడింది. తాత, పక్క చెలమల్లోని ఆడవాళ్లు చేతులతోనే ఇసుక లాగారు. పైకి తీసేసరికి ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

రెండేళ్ల కిందట అక్కడ మూరెడు తవ్వితే నీళ్లు పడేవి. తోటల ఆసామి కొండ మొదట్లో వాగుకు అడ్డంగా రాతిగోడ కట్టి నీళ్లన్నీ తన తోటకు మళ్లించుకున్నాక లోయంతా ఎండిపోయింది.

మూడో రోజు ఊరివాళ్లందరూ గోడ తీయించమని అడగడానికి రెవెన్యూ ఆఫీసుకు వెళ్లారు. అధికారి కొత్త పటం పరిచాడు.

"ఇక్కడ వాగే లేదు. లేని వాగుకు ఆయన అడ్డమెలా కడతాడు?"

తాత వంగి చూశాడు. వయసులో ఉండగా సర్వేవాళ్ల వెంట గొలుసు పట్టి, కొండ ఊట నుంచి నది దాకా ఆ వాగును కొలిచినవాడు. ఏడు వంపులు, మూడు మడుగులు. పటంలో ఒక్కటీ లేదు.

"మరి మా కోడలు ఎక్కడ పోయినట్టు బాబూ?"

అధికారి పటం చుట్టేశాడు.

సాయంత్రం తాత వాకిట్లో జనం చేరారు. ఇంకో అర్జీ పెడదామన్నాడు బడి మాస్టారు.

"పెట్టినవన్నీ ఏ గంగలో కలిశాయి? కలవడానికి గంగయినా మిగిల్చారా?" అంది బట్టలుతికే అత్త.

"గోడ జోలికెళితే లోపలేస్తారు" అన్నాడు మాస్టారు.

"బయట ఉండి ఏం తాగుతున్నాం?"

భార్యను పోగొట్టుకున్న తాత కొడుకు లేచి నిలబడ్డాడు.

"నాన్నా, వాగు ఎక్కడెక్కడ పారేదో నీకు తెలుసుగా. ఆ దారి పొడవునా మమ్మల్ని నిలబెట్టు."

తెల్లవారగానే తాత నది దగ్గర మొదలుపెట్టాడు. ఒక్కొక్కరినీ వాగు నడిమధ్య నిలబెడుతూ ఎగువకు నడిచాడు. "కాస్త ఎడమకు జరుగమ్మా, ఇక్కడ బండను చుట్టి పారేది." నాలుగో వంపు దగ్గర, కూలిన చెలమ పక్కన ఆగిపోయాడు. బట్టలుతికే అత్త వచ్చి అక్కడ నిలబడింది.

"నేనుంటాలే అన్నయ్యా. నువ్వు పద."

గోడ దగ్గర ఆసామి పిలిపించిన పోలీసులున్నారు. తాత వాళ్ల కళ్లెదుటే మొదటి రాయి పెకలించాడు.

"ఎవరు తీయమన్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వాగుకు అడ్డమొచ్చింది బాబూ."

"ఏ వాగు?"

తాత వెనక్కి చెయ్యి చూపాడు. లోయ పొడవునా, వంపు వంపుకూ మనుషులు.

ఆయన్ను వ్యాన్ ఎక్కించారు. రెండో రాయి కొడుకు తీశాడు. లాఠీలు లేచాయి, తలలు పగిలాయి, రాళ్లు దొర్లుతూనే ఉన్నాయి. సాయంత్రానికి సన్నని ధార పడింది. రెండో వంపు దాటకుండానే ఇసుకలో ఇంకిపోయింది.

మర్నాడు ఆసామి గోడకు పడిన గండి పూడ్చమని మేస్త్రీని పంపాడు. గండిలో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు.

"లేవండమ్మా. కూలివాణ్ణి, నా పని నన్ను చేసుకోనివ్వండి."

"మీది ఏ ఊరు అన్నా?" అంది అత్త.

"దిగువన. ఆరో వంపు పక్కన."

"మీ ఇంట్లో చెలమలోకి ఎవరు దిగుతారు?"

మేస్త్రీ ఎండిన వాగు వెంట దిగువకు చూశాడు.

"మా చిన్నమ్మాయి" అన్నాడు. తాపీ కిందపెట్టి గండిలో వాళ్ల పక్కన కూర్చున్నాడు.