మమత కొనుక్కున్న చప్పుడు

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచలంటారు. కైలాసం నూనూగు మీసాల వయసులోనే అన్న హనుమండ్లు షెడ్డులో సాంచల ముందు నిలబడ్డాడు. ఇప్పుడు ఆ మీసాలు నెరిశాయి. ఇన్నేళ్ళలో సాంచల మోత అతని చెవులను కొద్దికొద్దిగా తినేసింది. సన్నని చప్పుళ్ళు ముందు పోయాయి. పిట్టల అరుపులు, సైకిల్ బెల్లు, తర్వాత ఆడవాళ్ళ మాటలు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే కానీ ఎవరూ పైకి అనరు. ఎవరేం మాట్లాడినా కైలాసం నవ్వుముఖం పెట్టి "ఆఁ, ఆఁ" అని తలూపుతాడు. చెవులు పోయినవాడికి సాంచలెవరిస్తారని అతని భయం.

కూతురు మమతారాణి ఇంటర్ రెండో ఏడు. ఆమెది సన్నని గొంతు. తండ్రిని పిలవాలంటే ఇప్పుడు దగ్గరికెళ్ళి భుజం తట్టాల్సిందే.

కిందటేడు కాలేజీ వార్షికోత్సవానికి ఆడపిల్లలు పాటల జట్టు కట్టారు. నర్మద పాడుతుంది, మరో అమ్మాయి గిటారు వాయిస్తుంది. ఫిజిక్స్ లెక్చరరు తన పాత బేస్ గిటారు తెచ్చి మమత చేతిలో పెట్టాడు. మామూలు గిటారుకు ఆరు సన్నని తీగలుంటాయి. దీనికి నాలుగే, తాళ్ళంత లావువి. మమత పై తీగ మీటగానే ఆ మోత ఆమె కడుపులోకి దిగింది. అంతే, ఇక వదల్లేదు. ఏడాది తిరగకుండానే లెక్చరరుకు బదిలీ అయింది, గిటారూ ఆయన వెంటే పోయింది. మమత వేసవి సెలవులంతా తల్లి జమున పక్కన మిషను మీద కూర్చుని పెట్టికోట్లు కుట్టింది. ఆ డబ్బుతో సొంత గిటారు కొనుక్కుంటానంది.

మాట పెద్దబాపు హనుమండ్లు దాకా వెళ్ళింది. ఇల్లు అతనిది. ముందు భాగంలో అతను, వెనక రెండు గదుల్లో తమ్ముడి కుటుంబం, పక్కనే సాంచల షెడ్డు.

"ఆడపిల్లకు గిటారేంది?" అన్నాడు హనుమండ్లు వాకిట్లో నిలబడి. "కొంటే కొనుండ్రి, మీ పైసలు మీ ఇష్టం. గని దాని సప్పుడు నా చెవుల పడొద్దు. చెవులకు పెట్టుకుని వాయించుకునేది ఉంటదట, గది తేండ్రి."

కైలాసం "ఆఁ, ఆఁ" అన్నాడు.

ఆదివారం జమున చేతిలో అర్జెంటు పనుంది. అందుకని మమతకు తోడుగా కైలాసం కరీంనగర్ బస్సెక్కాడు.

వాయిద్యాల దుకాణం యజమాని కుమార్ మమతను పైనుంచి కిందికి చూసి, బొమ్మంత ఉన్న చిన్న గిటారొకటి చేతికిచ్చాడు. "నీ చేతులు చిన్నగున్నయ్ చెల్లే. గిది తీస్కో, అల్కగ నేర్సుకోవచ్చు."

"నేను బేస్ కోసం వచ్చిన అన్నా."

"బేస్ ఆడపిల్లలు వాయించరు చెల్లే. నా దుకాణంల ఇప్పటిదాంక ఒక్కరు కొనలే."

"గట్లయితే నాతోనే మొదలుపెట్టు."

కుమార్ నవ్వి, గోడకున్న నల్లటి బేస్ దించాడు. దాని మెడ చాలా పొడుగు. మమత ఎడమచెయ్యి పూర్తిగా చాచితే గానీ చివరి మెట్టు అందలేదు. అందినా అక్కడ వేళ్ళు విడిపడడం లేదు. "చెప్తిగా," అన్నట్టు చూశాడు కుమార్. మమత ఆ చూపు పట్టించుకోకుండా మూలకు వేలు చూపించింది. అక్కడ ముదురు ఎరుపు రంగు బేస్ వేలాడుతోంది. దాని మెడ పొట్టి.

"అది చిన్న పోరగాండ్లది చెల్లే. స్టేజి మీద చూసేటోళ్ళకు మంచిగ కనబడది."

"చూసేటోళ్ళు ఏమన్న అనుకోని. వాయించేది నేను."

దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూసింది. పట్టీ భుజానికి వేసుకుని నిలబడి చూసింది. లెక్చరరు చెప్పినట్టు మెడ అంచు వెంట అరచెయ్యి నడిపి, గీరుకునే ఇనుప మొనలేమైనా ఉన్నాయేమో తడిమింది. ఒక్కో మెట్టు దగ్గరా ప్రతి తీగా నొక్కి మీటింది. ఒకచోట తీగ బురబురమంది. కుమార్ చిన్న పానా తెచ్చి సర్దాడు. మళ్ళీ మీటి, ఈసారి తలూపింది. అప్పటికి కుమార్ నవ్వడం మానేశాడు.

ఇక ఆంప్, అదే చప్పుడు పెంచే స్పీకరు పెట్టె సంగతి. ఆంప్ లేకపోతే బేస్ గొంతు దానికే వినపడదు. కుమార్ దగ్గరలో ఉన్న ఒక పెట్టెకు వైరు తగిలించాడు. మమత పై తీగ మీటితే పెట్టె గడగడ వణికి, పగిలిన రేకులా మోగింది.

"ఇది మామూలు గిటారుది కదన్నా. బేస్‌ది పెట్టు."

"బేస్‌ది పెద్దగుంటది, బరువు. ఇంట్ల వాయించుకునేదానికి గదెందుకు?" కుమార్ బొటనవేలంత వస్తువు తీశాడు. "గిది గిటారుకు గుచ్చి చెవులకు పెట్టుకుంటే అయిపాయె. నీకే ఇనబడుతది. ఇంట్లోళ్ళకు పరేషాన్ ఉండది." కైలాసం వైపు తిరిగాడు. "ఏమంటరు పెద్దాయన?"

"ఆఁ, ఆఁ," అన్నాడు కైలాసం.

ఆయనకు ఒక్క ముక్కా వినపడలేదని మమతకు తెలుసు. ఇంటి దగ్గర కూడా ఇలాగే "ఆఁ" అన్నాడు.

"అన్నా, ఒక్కసారి బేస్‌ది పెట్టి చూపియ్యి. కొన్నా కొనకున్నా."

కుమార్ గొణుక్కుంటూ లోపలి నుంచి నల్లటి పెట్టె మోసుకొచ్చి తగిలించాడు. కైలాసం గుమ్మం దగ్గర నిలబడి రోడ్డు మీద ఆటోలను చూస్తున్నాడు. మమత లావు తీగను మీటింది.

కైలాసం వెనక్కి తిరిగాడు. ఎవరూ భుజం తట్టలేదు.

"గదేంది బిడ్డా?"

మమత వేలితో తనను చూపించుకుంది. "నేనే బాపు."

"నువ్వా? మల్ల కొట్టు."

మళ్ళీ మీటింది. కైలాసం నాలుగడుగులు దగ్గరికొచ్చాడు. ఆమె సన్నని తీగ మీదికి వెళ్ళి పైపైకి మీటుకుంటూ పోయింది. "ఇప్పుడు పోయింది," అన్నాడు. మెల్లగా కిందికి దిగింది. "మల్లొచ్చింది!" పెద్దగా అరిచాడు కైలాసం. ఎంత పెద్దగా అంటే బయట పోతున్నవాళ్ళు లోపలికి తొంగిచూశారు. "ఇనబడుతుంది బిడ్డా. మంచిగ ఇనబడుతుంది."

మమత ముఖం దించుకుని తీగలను చూస్తూ ఉండిపోయింది. తలెత్తితే ఏడుపొచ్చేలా ఉంది.

కైలాసం కుమార్ దగ్గరికెళ్ళాడు. అంతవరకు భార్యతో కూడా అనని మాట అతనితో అన్నాడు. "తమ్మీ, నాకు చెవులు సక్కగ ఇనబడయి. సాంచల మీద పోయినయ్. ఇందాక నువ్వు చెప్పింది నాకు సమజ్ కాలే. మల్ల చెప్పు, జర గట్టిగ."

కుమార్ గట్టిగా చెప్పాడు. ఈసారి కైలాసం పూర్తిగా విన్నాడు.

"వద్దు. దాన్ల నా బిడ్డ ఒక్కతే ఇంటది. నాకు గూడ ఇనాలె. గీ పెట్టె కట్టు."

"బాపు," అంది మమత అతని చెవి దగ్గర. "సప్పుడు రావద్దని పెద్దబాపు అన్నడు."

"ఎప్పుడన్నడు?"

"మొన్న వాకిట్ల. నువ్వు ఆఁ అన్నవ్."

కైలాసం పెట్టె మీద చెయ్యి వేశాడు. "గట్లనా. అయితే ఇప్పుడు కాదంటున్న."

తిరుగు బస్సులో మమత గిటారును ఒళ్ళో నిలబెట్టుకుంది. కైలాసం కాళ్ళ మధ్య పెట్టె పెట్టుకుని, కండక్టరు జరపమన్నా జరపలేదు.

సాయంత్రం ఆమె మొదటి మీటు మీటి కాసేపు కాకముందే హనుమండ్లు వాకిట్లోకి వచ్చాడు. "నేనేం చెప్పిన, మీరేం తెచ్చిండ్రు? మా ఇంట్ల గీ లొల్లి నడవది. బంద్ జెయ్యి!"

మమత ఆపలేదు. కైలాసం గుమ్మంలోకి వచ్చాడు. అన్న ముఖం చూస్తే ఏమన్నాడో అర్థమైంది.

"పొద్దుగూకెదాంక నీ సాంచలు మోగుతయ్ అన్నా. వాటికెప్పుడన్న చెవులకు పెట్టుకునేది కొన్నవా?"

"అవి కూడు పెట్టేటియిరా!"

"కూడు పెట్టినయ్, చెవులు తిన్నయ్. నా బిడ్డ మాట నాకినబడక ఎన్నేండ్లాయెనో నీకెరుకనా? ఇప్పుడిది ఇనబడుతుంది. బంద్ కాదు."

తమ్ముడు ఎదురు మాట్లాడడం హనుమండ్లు ఎన్నడూ చూడలేదు. గబగబా వెళ్ళి వెనక గదుల ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. లైటు పోయింది, ఫ్యాను ఆగింది, బేస్ మూగబోయింది. "రేపటిసంది షెడ్డుకు గూడ రాకు," అని కేకేశాడు.

జమున లేచింది. మిషను కింద నుంచి పొడుగాటి వైరు చుట్ట తీసి భుజాన వేసుకుని, గల్లీ దాటి ముసలి పోశవ్వ ఇంటికెళ్ళింది. సంగతి వినగానే పోశవ్వ తన టీవీ ప్లగ్గు పీకేసింది.

"నా సీరియల్ రేపు జూస్త. పెట్టుకో బిడ్డా."

వైరు గల్లీ మీదుగా, కిటికీలోంచి గదిలోకి వచ్చింది. పెట్టె మీద ఎర్రదీపం వెలగగానే మమత మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఇంకా పాట కాదది. నాలుగు స్వరాలు, అందులో ఒకటి తప్పు. అయినా గల్లీ అంతా వినపడింది.

మర్నాడు కైలాసం ఇంకో సాంచల యజమాని ముత్యం షెడ్డుకు పని అడగడానికి వెళ్ళాడు. దాచకుండా చెప్పాడు. "నా చెవులు పని చెయ్యయి ముత్యమన్నా. చేతులు చేస్తయ్."

ముత్యం నవ్వాడు. "నా షెడ్ల ఎవనికి సక్కగ ఇనబడుతుందని? లోపలికి రా."

హనుమండ్లు ఫ్యూజు తిరిగి ఇవ్వలేదు, వీళ్ళూ అడగలేదు. వానాకాలం దాటేలోపు పాత బస్టాండు వైపు ఒక గదీ వరండా అద్దెకు దొరికాయి. ఇల్లు చిన్నదే. మీటరు మాత్రం వాళ్ళది. ఆ గల్లీలోనూ మొదట్లో ఇద్దరు ముగ్గురు వచ్చి, చదువుకునే పిల్లకు ఇదెందుకని అడిగారు. పరీక్షల్లో వచ్చిన మార్కులు చెప్పి, వాయిస్తూనే ఉంది మమత. నర్మద, గిటారు అమ్మాయి ఆదివారాలు అక్కడికే వస్తున్నారు.

కైలాసం షిఫ్టు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పెట్టెకు వీపు ఆనించి కూర్చుంటాడు. నర్మద పాట అతనికి అందదు. పెదాలు కదలడం కనిపిస్తుందంతే. కూతురు వాయించేది మాత్రం ఒక్కటీ తప్పిపోదు. ఎక్కడైనా ఆమె తడబడితే ముందు తలెత్తేది ఆయనే.

"గాడ తప్పినవ్," అంటాడు. "మల్ల కొట్టు."