గోడ మీద ఈగ్వే

ఒమాన్ దేశపు సలాలాలో ఆ సాయంత్రం ముసురు పట్టింది. ప్రొజెక్టరు పక్కన చిట్టి కూర్చుంది. ఎదుటి గోడ మీద, ఎర్రటోపీలో గద్ద ఈక పెట్టుకుని, నైజీరియాలోని ఒక ఇగ్బో రాజు నడుస్తున్నాడు.

ఆయన, వీళ్ళింటికి వచ్చిన డాక్టర్ ఒబియోరాకు తండ్రి. ఆ దేశంలో జరిగిన యుద్ధంలో ఆయన పోయాడు, రాజగృహమూ కాలిపోయింది. అంతకుముందు ఎవరో స్నేహితుడు తీసిన ఈ చిన్న రీలు మొన్ననే టపాలో వచ్చింది. డాక్టరుగారు కూడా చూడటం ఇదే మొదలు. అక్కడ కొత్త రాజు గద్దెనెక్కబోతున్నాడు. ఉత్సవక్రమం మరిచిపోయిన పెద్దలు దీన్ని చూసే నేర్చుకోవాలి. మరో కాపీ లేదు.

“మధ్యలో ఆపావంటే బల్బు వేడికి ఫిల్ము మాడిపోద్ది, జాగ్రత్తే,” అని చిట్టి తండ్రి నాగేంద్రప్రసాద్ మళ్ళీ హెచ్చరించాడు.

గోడ మీద జనం నేలకు వంగుతున్నారు. “ఈగ్వే అంటున్నారు, అంటే రాజా అని,” డాక్టరుగారి ఇంగ్లీషును నాగేంద్రప్రసాద్ తెలుగులో చెబుతున్నాడు. “రాజు భోంచేస్తుంటే కన్నకొడుకైనా చూడకూడదట.”

“మీరూ ఉన్నారు, వీధంతా చూసేట్టు తింటారు,” అంది భార్య అన్నపూర్ణ.

అందరూ నవ్వారు. అంతలో కెమెరా ఒక తెరచాటుకు దూరింది. లోపల రాజు ఒంటరిగా కూర్చుని గిన్నెలో వేళ్ళు ముంచాడు.

“స్టాప్!” డాక్టరుగారు దిగ్గున లేచారు.

చిట్టి వేళ్ళు మీట దాకా వెళ్ళి ఆగాయి. ఆపితే కాలుతుంది. ఆపకపోతే, ముద్ద నోటి దగ్గరికి వెళుతోంది. ఆమె అరచేతిని లెన్సుకు అడ్డం పెట్టింది. గోడ చీకటైంది. రీలు తిరుగుతూనే ఉంది.

“చెయ్యి తియ్యవే! పిచ్చా నీకు?”

“ఆయన భోంచేస్తున్నారు నాన్నా.”

కాసేపటికి వేళ్ళు కొద్దిగా విడదీసి చూసింది. గోడ మీద ఊరేగింపు గొడుగులు కనిపించాక చెయ్యి తీసేసింది.

రీలు అయిపోయాక డాక్టరుగారు కత్తెర అడిగారు. పెద్దలు చూడకముందే ఆ ముక్క పోవాలన్నారు. చిట్టి దీపానికెదురుగా ఫిల్ము పట్టి, బొమ్మలకేసి చూడకుండా, తెరచాటు చీకటికి నల్లగా ఉన్న మేర ఎక్కడుందో వెతికి కత్తిరించింది.

ముక్క డాక్టరుగారి చేతిలో ఉంది. తండ్రి తింటుంటే ఆయన ఒక్కసారైనా చూసి ఎరగరు. చెయ్యి దీపం వైపు లేచింది.

“చూసుకోండి డాక్టర్, ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు నాగేంద్రప్రసాద్ మెల్లగా.

డాక్టరుగారు తల పక్కకు తిప్పుకుని, ముక్కను మూలన అన్నపూర్ణ పెట్టిన సాంబ్రాణి నిప్పుల్లో వేశారు.

చిట్టి రెండు కొసలూ టేపుతో అతికించి మళ్ళీ తిప్పింది. అతుకు ప్రొజెక్టరులో కిర్రుమంది, ఒక్క క్షణం పట్టేసింది, దాటింది. తెర వెనక్కి వెళ్ళిన రాజు వెంటనే గొడుగు కింద ఎండలోకి వచ్చాడు. డాక్టరుగారు లేచి నేలకు వంగారు. ఏం చెయ్యాలో తోచక నాగేంద్రప్రసాద్ చేతిలోని సిగరెట్టు వీపు వెనక దాచుకున్నాడు.